ఎర్ర లైటు వెలిగితే మోడెం పోయినట్టేనా?

ఈసారి ప్రశ్నలన్నీ ఇంటర్నెట్ మోడెం మార్చడం గురించినవే. ఒక్క మాట ముందే చెప్పుకుందాం. ఫైబర్ తీగ చివర ఉండే పెట్టెను ఆపరేటర్లు ఓఎన్‌యూ అనో ఓఎన్‌టీ అనో అంటారు. ఇళ్లలో అందరూ మోడెం అనే అంటారు కాబట్టి మేమూ అలాగే రాస్తున్నాం. ఆపరేటర్ ఆఫీసులో మీ తీగ మొదలయ్యే యంత్రాన్ని మాత్రం ఓఎల్‌టీ అంటాం, దానికి వాడుకలో వేరే పేరు లేదు.

ప్ర: మొన్నటి ఈదురుగాలుల తర్వాత మా ఇంట్లో నెట్ పోయింది. మోడెం మీద ఎర్ర లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. ఆపరేటర్ పంపిన కుర్రాడు చూసి ‘మోడెం పోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి’ అని వెళ్లిపోయాడు. నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: తొందరపడి డబ్బు తీయకండి. కొట్టుకుంటున్న ఆ ఎర్ర లైటు కింద ‘ఎల్‌ఓఎస్’ అని ఉంటే మోడెం చెబుతున్నది ఒక్కటే, తీగలోంచి తనకు వెలుగు అందడం లేదని. గాలివాన తర్వాత ఆ మాట నిజమే అయ్యుంటుంది. కొమ్మ విరిగిపడి స్తంభం దగ్గర తీగ తెగి ఉండొచ్చు, జాయింటు పెట్టెలోకి నీళ్లు దిగి ఉండొచ్చు, కిటికీ దగ్గర తీగ నలిగి ఉండొచ్చు. మోడెంలో వెలుగును పట్టుకునే భాగం పాడైనా ఇదే లైటు వెలుగుతుంది కానీ, అలా జరగడం తక్కువ.

తేల్చుకోవడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిదానికి ఖర్చు లేదు. అదే ఆపరేటర్ దగ్గర కనెక్షన్ ఉన్న పక్కింటివాళ్లకు నెట్ వస్తోందో లేదో అడగండి. వాళ్లకీ లేకపోతే మీ మోడెం తప్పేమీ లేదు. రెండోది పవర్ మీటర్. అరచేతిలో పట్టే ఈ పరికరం ఫైబర్ పనిచేసే ప్రతి కుర్రాడి సంచిలోనూ ఉంటుంది. మోడెం నుంచి తీగ ఊడదీసి, దాని కొసను మీటర్‌లో పెట్టి, 1490 నానోమీటర్ల దగ్గర చూడమనండి. అంకె మీ ఎదురుగానే రావాలి.

ఆ అంకె డీబీఎంలలో (వెలుగు బలాన్ని చెప్పే కొలత), మైనస్ గుర్తుతో వస్తుంది. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతున్నట్టు. 3 తేడా వస్తే వెలుగు సగమైపోయినట్టే లెక్క. ఇళ్లలో ఎక్కువగా వాడే జీపాన్ రకం (ఒకే తీగను చాలా ఇళ్లు పంచుకునే ఒక పద్ధతి) మోడెంలు మైనస్ 8 నుంచి మైనస్ 27 దాకా పట్టుకోగలవు. మైనస్ 18, 20, 22 ఉంటే నిశ్చింత. మైనస్ 26 అంటే అంచున ఉన్నట్టు. ఈ రోజు పనిచేస్తుంది, రేపు వాన పడితే పోతుంది. మైనస్ 40, 50 చూపించినా, అసలేమీ చూపించకపోయినా తీగ ఎక్కడో తెగింది. మీటర్ మైనస్ 21 చూపిస్తుండగా మోడెం మాత్రం ఎర్రగానే ఉంటే, అప్పుడు ఆ కుర్రాడి మాట ఒప్పుకోవచ్చు.

ఎంత రావాలో కాగితం మీద వేసి చూడొచ్చు కూడా. ఓఎల్‌టీ దగ్గర ప్లస్ 3తో బయల్దేరిందనుకోండి. 4 కిలోమీటర్ల తీగలో సుమారు ఒకటిన్నర పోతుంది. ఒక వెలుగును 32 ఇళ్లకు పంచే స్ప్లిటర్ పదిహేడున్నర దాకా తినేస్తుంది, అన్నిటికంటే పెద్ద కోత అదే. జాయింట్లు, కనెక్టర్లకు ఇంకో ఒకటిన్నర. మీ ఇంటికి మైనస్ పదిహేడున్నర చేరాలి. అక్కడ మైనస్ 26 వస్తోందంటే దారిలో ఎనిమిదిన్నర ఎవరో మింగుతున్నారు. వంగిన తీగో, మురికి పట్టిన కనెక్టరో, సరిగ్గా అతకని జాయింటో అయ్యుంటుంది. కొత్త మోడెం దాన్ని తిరిగి తెచ్చివ్వదు.

మీ చేతిలో ఉన్న పని కూడా కొంత ఉంది. మోడెం స్విచ్ ఆపి, వెనక తీగ ఎలా ఉందో చూడండి. ఊడుస్తున్నప్పుడు బీరువాకీ గోడకీ మధ్య నలిగిందేమో, మిగిలిన తీగను ఎవరైనా బిగించి చుట్టి మేకుకు కట్టారేమో. చుట్ట చేతిగాజు కంటే చిన్నదైతే వెలుగు బయటికి జారిపోతుంది, విప్పి వదులుగా వేయండి. కనెక్టర్ కొసను నోటితో ఊదకండి, ఉమ్మి తుంపరే మురికవుతుంది. నూగు రాలని పొడి గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క అద్ది ఒకే వైపుకు తుడవాలి. తీగ కొసలోకి కన్ను పెట్టి మాత్రం చూడొద్దు. ఆ కాంతి కంటికి కనిపించదు, కానీ అది లేజరే.

ఎర్ర లైటు లేకుండా ‘పాన్’ అనే ఆకుపచ్చ లైటు కొట్టుకుంటూ ఉంటే కథ వేరు. వెలుగు అందుతోంది, ఓఎల్‌టీ మాత్రం మోడెంను గుర్తించడం లేదు. పాన్ నిలకడగా వెలుగుతూ కూడా నెట్ రాకపోతే మోడెం, తీగ రెండూ బాగున్నట్టే. యూజర్ నేమ్ సంగతో, ప్యాక్ గడువు సంగతో చూసుకోవాలి.

ప్ర: మా మోడెం నిజంగానే కాలిపోయింది. ఆన్‌లైన్‌లో ‘ఎక్స్‌పాన్, అన్ని కనెక్షన్లకూ పనికొస్తుంది’ అని రాసి ఉంటే తెప్పించాను. తీగ పెట్టాను, పాన్ లైటు కొట్టుకుంటూనే ఉంది. వెనక్కి పంపెయ్యాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జ: పంపకండి. పెట్టెలో లోపం ఉండకపోవచ్చు. మొబైల్‌లో సిమ్ మార్చినట్టు ఫైబర్ మోడెం మార్చడం కుదరదు. ప్రతి మోడెం పేరూ ఓఎల్‌టీలో రాసి ఉంటుంది. రాసి లేని పెట్టెను అది లోపలికి రానివ్వదు. మీ ఓఎల్‌టీ ఇంకా పాత మోడెం కోసమే చూస్తోంది.

ఎక్స్‌పాన్ అంటే జీపాన్, ఈపాన్ రెండు పద్ధతుల్లోనూ పనిచేస్తుందని అర్థం. జీపాన్‌లో తీగ మీద కిందికి దాదాపు రెండున్నర జీబీపీఎస్, పైకి 1.25 జీబీపీఎస్ వస్తుంది, దాన్ని ఆ తీగ మీదున్న ఇళ్లన్నీ పంచుకుంటాయి. ఈపాన్‌లో రెండు వైపులా 1.25. చిన్న ఊళ్లలో కేబుల్ ఆపరేటర్లు చాలామంది ఈపాన్ పెట్టుకున్నారు, యంత్రం చౌక కాబట్టి. జీపాన్ అయితే ఆపరేటర్‌కు కావలసింది మోడెం అడుగున స్టిక్కర్ మీద ‘జీపాన్ ఎస్ఎన్’ అని ఉండే 12 అక్షరాల నంబరు. మొదటి నాలుగు తయారీదారు గుర్తు, మిగతా ఎనిమిది ఆ పెట్టె నంబరు. ఈపాన్ అయితే మ్యాక్ అడ్రస్, అంటే ఒక్కో పెట్టెకు ఉండే సొంత గుర్తింపు నంబరు. స్టిక్కర్‌ను ఫొటో తీసి పంపండి, ఫోన్‌లో చదివితే సున్నాకీ ‘ఓ’ అక్షరానికీ తేడా పోతుంది. పాత నంబరు తీసేసి ఇది ఎక్కించమని అడగండి. ఎక్కించిన ఒకటి రెండు నిమిషాల్లో పాన్ లైటు నిలబడాలి.

నిలబడకపోతే మోడెం పేజీలో (బ్రౌజర్‌లో తెరిచేది, దారి కింద చెప్పాం) పాన్ మోడ్ చూడండి. కొన్ని పెట్టెలు తీగ ఏ రకమో తమంతట తామే కనిపెడతాయి, కొన్నిటిలో జీపాన్ అనో ఈపాన్ అనో మనమే ఎంచి రీస్టార్ట్ చేయాలి.

లైటు నిలబడ్డాక రెండో అంకం. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి (స్టిక్కర్ మీద వేరే అంకె ఉంటే అది) లోపలికి వెళ్లి, వ్యాన్ (బయటి నెట్‌తో కలిపే) పేజీలో కొత్త కనెక్షన్ సృష్టించాలి. మోడ్ రూట్, రకం పీపీపీఓఈ (యూజర్ నేమ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి), వీల్యాన్ (ఒకే తీగలో సేవలను విడదీసే నంబరు) ఆన్ చేసి ఆపరేటర్ చెప్పిన నంబరు, ఎంటీయూ (ఒకసారి పంపే డేటా ముక్క గరిష్ఠ పరిమాణం) 1492, న్యాట్ ఆన్, తర్వాత యూజర్ నేమ్, పాస్‌వర్డ్. అడుగున ల్యాన్1, ల్యాన్2, ఎస్ఎస్ఐడీ1 (వైఫై) అని గళ్లుంటాయి. వాటికి టిక్ పెట్టకుండా సేవ్ చేయడమే అందరూ చేసే పొరపాటు. టిక్ లేకపోతే ఫోన్‌కి వైఫై కలుస్తుంది, నెట్ మాత్రం రాదు.

ఎక్కడ ఆగిందో పేజీయే చెబుతుంది. ఐపీ రాకుండా ‘కనెక్టింగ్’ అనే ఉంటే ఎక్కువసార్లు వీల్యాన్ నంబరు తప్పు. ‘ఆథెంటికేషన్ ఫెయిల్డ్’ అంటే పాస్‌వర్డ్ తప్పై ఉండాలి, లేదా మీ యూజర్ నేమ్ పాత పెట్టె మ్యాక్‌కు ముడిపడి ఉండాలి. ‘మ్యాక్ రీసెట్ చేయండి’ అంటే ఆపరేటర్‌కు అర్థమవుతుంది. పాత సెషన్ వేలాడుతూ ఉంటే పది నిమిషాలు ఆగితే అదే వదులుతుంది. కొన్ని సైట్లు తెరుచుకుని, కొన్ని సగంలో నిలిచిపోతుంటే ఎంటీయూ 1500 మీద ఉందేమో చూసుకోండి.

ఇంకో చిక్కు ఉంది. పాన్ లైటు నిలబడినా ఓఎల్‌టీ పంపే ఆదేశాలు కొన్ని చౌక పెట్టెలకు అర్థం కావు. మాట్లాడే భాష ఒకటే అయినా ఒక్కో కంపెనీది ఒక్కో యాస. అందుకే కొనే ముందు ఆపరేటర్‌ను ‘మీ ఓఎల్‌టీ మీద ఏ మోడళ్లు నడుస్తున్నాయి?’ అని అడగాలి. మంచి బ్రాండ్ ఏదని అడిగితే లాభం లేదు.

పాత మోడెం ప్రాణంతో ఉండగానే మార్చదలచినవాళ్లకు ఒక సూచన. దాని వ్యాన్ పేజీలన్నీ ముందుగా ఫొటోలు తీసి పెట్టుకోండి. పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తుంది, అది ఆపరేటర్‌ను అడగాల్సిందే. నెట్ నెమ్మదించినప్పుడల్లా వెనక చిన్న కంతలో పిన్నీసు గుచ్చే అలవాటు మానండి. అది రీస్టార్ట్ కాదు, రీసెట్. వీల్యాన్, యూజర్ నేమ్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, బాగున్న మోడెం ‘పోయిన మోడెం’ అవుతుంది.

జియో, ఎయిర్‌టెల్ లాంటి పెద్ద కంపెనీల ఫైబర్ అయితే ఈ పాట్లేవీ అక్కర్లేదు. అక్కడ పెట్టె సాధారణంగా కంపెనీ సొత్తే. చెడిపోతే ఫిర్యాదు నంబరు తీసుకుని వాళ్లతోనే మార్పించుకోవాలి, బయట కొన్నది తీగకు తగిలించాలని చూడొద్దు.

ప్ర: 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఫోన్‌లో 40 దాటడం లేదు. మోడెం మారిస్తే పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జ: ముందు ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో నేరుగా కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడ 190 పైన వస్తే లైను బాగుంది, వైఫైదే తప్పు. అచ్చం 94 దగ్గర ఆగిపోతే ఎక్కడో 100 ఎంబీపీఎస్ గేటు ఉంది. చాలా మోడెంలలో రెండు ల్యాన్ రంధ్రాలుంటే ఒకటే జీఈ (గిగాబిట్), రెండోది ఎఫ్ఈ. ఎఫ్ఈ అంటే వంద. తీగను పక్క రంధ్రానికి మార్చి చూడండి. అప్పటికీ 94 అయితే తీగ కొస చూడండి. గిగాబిట్‌కు ఎనిమిది వైర్లూ కావాలి. సీసీకెమెరాలు పెట్టేవాళ్లు నాలుగే వైర్లు క్రింప్ చేసి, మిగతా నాలుగు కత్తిరించి పడేస్తుంటారు. పారదర్శకంగా ఉండే ఆ ప్లాస్టిక్ కొసలోకి చూస్తే ఎన్ని రంగులు లోపలిదాకా వెళ్లాయో కనిపిస్తుంది.

తీగ మీద 190, ఫోన్‌లో 40 అంటే మీ మోడెం 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉన్న సింగిల్ బ్యాండ్ రకమై ఉంటుంది. డబ్బా మీద 300 ఎంబీపీఎస్ అని ఉన్నా, అపార్ట్‌మెంట్‌లో పైనా కిందా పక్కనా అదే బ్యాండ్ మీద ఇరవై వైఫైలు అరుస్తుంటే చేతికి వచ్చేది 30, 50, మహా అయితే 70. మీకు 5 గిగాహెర్ట్జ్ కావాలి.

అలాగని మోడెం మార్చకండి. దాన్ని ఉన్నచోటే ఉండనిచ్చి, పక్కన ఒక డ్యూయల్ బ్యాండ్ రౌటర్ పెట్టండి. రేపు ఆపరేటర్‌ను మార్చినా రౌటర్ మీతో వస్తుంది, ఓఎన్‌యూకు ఆ గ్యారంటీ లేదు. 200 ప్లాన్‌కు ఏసీ1200 రకం సరిపోతుంది. ఆ 1200 అనేది 2.4 మీద 300, 5 మీద 867 కలిపి చెప్పే అంకె. ఒకే గదిలో ఉంటే 200 హాయిగా వస్తుంది. వైఫై 6 రౌటర్ తీసుకుంటే ఇంట్లో పది పదిహేను పరికరాలున్నప్పుడు తేడా తెలుస్తుంది. కొనేటప్పుడు రౌటర్ వెనక రంధ్రాలు గిగాబిట్ అవునో కాదో చూడండి. ఏసీ1200 అని రాసి, వెనక వందవి పెట్టి అమ్మేవీ ఉన్నాయి.

కలపడం తేలిక. ముందు కొత్త రౌటర్‌ను ల్యాప్‌టాప్‌కు మాత్రమే కలిపి దాని చిరునామా 192.168.1.2గా మార్చండి, లేకపోతే రెండు పెట్టెలూ 192.168.1.1 అని కొట్టుకుంటాయి. డీహెచ్‌సీపీ (ఇంట్లో పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేయండి, అది మోడెం చూసుకుంటుంది. తర్వాత మోడెం జీఈ రంధ్రం నుంచి రౌటర్ ల్యాన్ రంధ్రంలోకి తీగ. వ్యాన్ రంధ్రంలోకి కాదు. చివరగా మోడెం వైఫై ఆపండి. రౌటర్‌లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ ఉంటే ఇదంతా ఒక్క క్లిక్.

5 గిగాహెర్ట్జ్ గోడలకు బెదురుతుంది. ఇటుక గోడ ఒకటి దాటుతుంది, కాంక్రీటు గోడలు రెండు అడ్డమొస్తే నీరసిస్తుంది. రౌటర్‌ను టీవీ వెనకో, మీటర్ల బోర్డు పక్కనో, చెప్పుల స్టాండులోనో దాచకుండా హాల్లో ఛాతీ ఎత్తున పెట్టండి.

మీ అపార్ట్‌మెంట్‌లో తీగ అసలు ఫైబరేనా అన్నది కూడా చూడండి. హైదరాబాద్‌లో చాలాచోట్ల ఫైబర్ భవనం దాకానే వచ్చి, అక్కడి స్విచ్ నుంచి ఇంట్లోకి మామూలు ల్యాన్ తీగ వస్తుంది. అలా ఉంటే మీకు ఓఎన్‌యూతో పనే లేదు. మంచి రౌటర్ కొని ఆ తీగను వ్యాన్ రంధ్రంలో పెట్టడమే.

ప్ర: మాది బీఎస్ఎన్ఎల్ ఫైబర్. నాన్నగారి పాత ల్యాండ్‌లైన్ నంబరు అదే మోడెం మీద నడుస్తోంది. పక్కవీధిలో మా అక్కవాళ్లకు కేబుల్ టీవీ కూడా అదే తీగలో వస్తుంది. మోడెం మారిస్తే ఇవి పోతాయా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జ: చూసుకోకుండా కొంటే పోతాయి. మీరు కొనే పెట్టె వెనక ‘టెల్’ లేదా ‘పాట్స్’ అని రాసిన చిన్న ఫోన్ రంధ్రం ఉండాలి. ల్యాన్ రంధ్రం కంటే అది ఇరుకుగా ఉంటుంది. ఫొటోలో ముందు వైపు చూసి కొనకండి, వెనక వైపు చూడండి. రంధ్రం ఉన్నంత మాత్రాన మోగదు. ఫైబర్ మీద ల్యాండ్‌లైన్ అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఫోనే. మోడెంలో వాయిస్ కోసం ఇంకో వ్యాన్, దానికి వేరే వీల్యాన్, ఆ పైన నాన్నగారి నంబరు, దాని పాస్‌వర్డ్, సర్వర్ చిరునామా ఎక్కించాలి. ఇది ఆపరేటరే చేయాల్సిన పని. మోడెం బిగించిన రోజే, అతను ఇంట్లో ఉండగానే నంబరుకు ఒకసారి బయటి నుంచి కాల్ చేసి, ఒకసారి ఇంట్లోంచి బయటికి కాల్ చేసి చూడండి. ఒక వైపే పనిచేసి రెండో వైపు మూగపోవడం తరచూ జరుగుతుంది.

అక్కగారింట్లో టీవీ అదే తీగలో వస్తోందంటే దాని కోసం 1550 నానోమీటర్ల దగ్గర ఇంకో వెలుగు వస్తోందన్నమాట. దాన్ని విడదీసి, కేబుల్ టీవీ తీగ మరతో బిగించే రంధ్రం ఉన్న మోడెం కావాలి. డబ్బా మీద ‘సీఏటీవీ’ అని ఉంటుంది. అది లేని మోడెం పెడితే నెట్ వస్తుంది, సెట్‌టాప్ బాక్సులో ‘నో సిగ్నల్’.

కనెక్టర్ రంగు కూడా చూసుకోండి. ఆకుపచ్చ కొసను 8 డిగ్రీలు ఏటవాలుగా అరగదీస్తారు, నీలం కొస అలా వాలి ఉండదు. రెండూ ఒకే గూట్లో ఇమిడిపోతాయి, కానీ మధ్య సందు మిగిలి వెలుగు పోతుంది, టీవీలో గీతలు కూడా పడతాయి. ఆకుపచ్చ రంధ్రంలో ఆకుపచ్చదే, నీలంలో నీలమే. రంగు కలవకపోతే కొస మార్పించండి, పది నిమిషాల పని.

ప్ర: అటక మీద పాత టెలిఫోన్ తీగ మోడెం ఉంది, బాగానే ఉంది. ఫైబర్‌కు వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జ: లేదు. అది రాగి తీగ మీది కరెంటు సంకేతాలను చదువుతుంది, వెలుగును చదవలేదు. వీపీఐ 0, వీసీఐ 35 అని పెట్టుకున్న రోజులు వేరు. వైఫై ఉన్నదైతే కూకట్‌పల్లి పాఠకుడికి చెప్పినట్టు చిరునామా మార్చి, డీహెచ్‌సీపీ ఆపి, పెరటి గదికి వైఫై అందించడానికి పెట్టుకోండి. 100 లోపు వేగానికి పనికొస్తుంది.

ప్ర: మోడెం రోజుకు నాలుగైదుసార్లు దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతోంది. సాయంత్రం పిల్లలు వీడియోలు చూసేటప్పుడు మరీ ఎక్కువ. మా దగ్గర కరెంటు కోతలూ ఉన్నాయి. మంచి మోడెం చెప్పండి.
– ఒక పాఠకుడు, అనంతపురం

జ: మోడెం కంటే ముందు దాని అడాప్టర్ మార్చండి. సాయంత్రమే ఎక్కువ అన్నారు కదా, గుట్టు అక్కడే దొరుకుతోంది. ఊరికే ఉన్న మోడెం కొద్ది కరెంటే తీసుకుంటుంది. నాలుగు ఫోన్లు ఒకేసారి వీడియో లాగితే వైఫై భాగం ఎక్కువ గుంజుతుంది. రెండు మూడేళ్లు వేడిలో మగ్గిన అడాప్టర్‌లో కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. అడిగినంత ఇవ్వలేక 12 వోల్టులు పదికి జారతాయి, మోడెం పడి లేస్తుంది. మల్టీమీటర్ పెట్టి ఊరికే చూస్తే 12 చక్కగానే చూపిస్తుంది. అందుకే చాలామంది మోసపోతారు. మోడెం నడుస్తుండగా, బరువు మీద ఉండగా చూడాలి.

కొత్త అడాప్టర్‌కు మూడు సంగతులు. వోల్టులు మోడెం అడుగున రాసినవే ఉండాలి. 12 అని ఉంటే 12, 9 అని ఉంటే 9. ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, తక్కువ కాకూడదు. సింగిల్ బ్యాండ్ మోడెంలకు ఎక్కువగా 1 ఆంపియర్, డ్యూయల్ బ్యాండ్‌కు ఒకటిన్నర, 2 ఉంటాయి. మోడెం 1 అడిగితే 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టినా ప్రమాదం లేదు, కావలసినంతే తీసుకుంటుంది. మూడోది పిన్ను. చాలావాటికి బయట 5.5, లోపల 2.1 మిల్లీమీటర్ల పిన్నే, లోపల ప్లస్. లోపలి రంధ్రం రెండున్నర మిల్లీమీటర్లున్న పిన్నూ అందులో దూరుతుంది కానీ వదులుగా ఊగుతుంది. మేజ తగిలితే ఆగిపోయే మోడెంలకు సగం కారణం అదే.

అడాప్టర్ మార్చాక కూడా ఆగితే వేడి చూడండి. అనంతపురం ఎండకు మూసిన అలమరలో పెట్టిన మోడెం మధ్యాహ్నానికి చెయ్యి పెట్టనివ్వదు. గోడకు నిలువుగా తగిలించి, చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి. అప్పటికీ తగ్గకపోతే మోడెం మార్చండి.

కరెంటు కోతలకు పెద్ద ఇన్వర్టర్ లేనివాళ్లు మోడెంకు సరిపోయే చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు డబ్బా మీది ఎంఏహెచ్ అంకె చూసి మురిసిపోకండి. 2000 ఎంఏహెచ్ సెల్స్ మూడు ఉన్నాయనుకుందాం. ఒక్కో సెల్ 3.7 వోల్టులు కాబట్టి 22 వాట్‌అవర్లు. కొంత మార్పిడిలో పోతుంది, చేతికి 18, 19 మిగులుతుంది. మోడెం 9 వాట్లు తింటే రెండు గంటలు. పక్కన రౌటర్ కూడా ఉంటే గంట దాటదు. కరెంటు పోయిన క్షణంలో లైట్లు ఆరి వెలిగితే ఆ యూపీఎస్ మీ పనికి రాదు. దుకాణంలోనే ప్లగ్ పీకి చూపించమనండి. ఇంట్లో యూపీఎస్ ఉన్నా, ఆపరేటర్ దగ్గరో మధ్యలో స్విచ్ దగ్గరో బ్యాటరీ లేకపోతే నెట్ రాదు. అది వాళ్లను అడిగి తెలుసుకోండి.

ప్ర: అమెరికాలో ఉంటున్నాం, మాది కేబుల్ ఇంటర్నెట్. నెలనెలా మోడెం అద్దె కడుతున్నాం. సొంతది కొనుక్కోవచ్చంటున్నారు. ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జ: అక్కడి కేబుల్ కంపెనీల దగ్గర ఇది మామూలు సంగతి. మీ కనెక్షన్ రాగి కోయాక్సియల్ తీగ మీద, డాక్సిస్ అనే పద్ధతిలో నడుస్తుంది. కంపెనీ సైట్‌లో మీ ప్లాన్‌కు ఒప్పుకున్న మోడెంల జాబితా ఉంటుంది, అది చూడకుండా కార్డు తీయొద్దు. డాక్సిస్ 3.1 ఉన్నదే తీసుకోండి. 3.0లో 32 ఛానెళ్లున్నవి చౌకగా దొరుకుతాయి గానీ, ఇవాళ కొనే వస్తువు కొన్నేళ్లు ఉండాలి కదా. పాత 3.0 మోడెంలలో ఇంటెల్ ప్యూమా 6 చిప్ ఉన్నవైతే అసలు వద్దు. వేగం బాగానే చూపించి, ఆటల్లోనూ వీడియో కాల్స్‌లోనూ ఉన్నట్టుండి ఆలస్యం తెచ్చిపెడతాయని వాటికి చెడ్డపేరు.

అద్దె పెట్టెలో మోడెం, వైఫై రెండూ ఉంటాయి. మీరు కొనేది చాలావరకు మోడెం ఒక్కటే, రౌటర్ వేరే కొనాలి. ఇంటి ఫోను కూడా అదే పెట్టె మీద ఉంటే ఫోన్ రంధ్రమున్న మోడల్ కావాలి, అవి తక్కువ, ఖరీదూ ఎక్కువ. సెకండ్ హ్యాండ్‌లో కొంటే అది ఎవరి ఖాతాలోనో ఉండిపోయిందేమో, కంపెనీ అద్దె పెట్టెనే అమ్మేస్తున్నారేమో ముందు చూడండి. అలాంటిది మీ ఖాతాలో యాక్టివేట్ కాదు.

బిగించాక మోడెం పేజీలో డౌన్‌స్ట్రీమ్ పవర్ మైనస్ 7కీ ప్లస్ 7కీ మధ్య ఉండాలి. బయటికి పోతుంటే గోడ వెనక అనవసరమైన స్ప్లిటర్ ఉందేమో వెతకండి, ఒక్కోటి మూడున్నర డీబీ తింటుంది. పాత పెట్టె తిరిగి ఇచ్చి రసీదు దాచుకోండి. రసీదు లేకపోతే ఆరు నెలల తర్వాత ‘పరికరం తిరిగి రాలేదు’ అని బిల్లు వచ్చినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. ఇక మీ వీధిలోకి ఫైబర్ వస్తే ఈ మోడెం పక్కన పెట్టాల్సిందే. అక్కడా ఓఎన్‌టీ కంపెనీదే, రౌటర్ మాత్రం మీదే వాడుకోవచ్చు.

ప్ర: మోడెం మార్చాక టీవీ, కెమెరాలు, వాషింగ్ మెషీన్ అన్నిటికీ మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జ: అక్కర్లేదు. కొత్త మోడెంలో వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండూ పాతవే పెట్టండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, ఖాళీ కూడా తేడా రాకూడదు. భద్రత డబ్ల్యూపీఏ2 గానీ, 2/3 కలిపినది గానీ ఎంచండి. ఒక్క డబ్ల్యూపీఏ3 పెడితే పాత టీవీలు, కెమెరాలు కలవవు. చాలా కెమెరాలు 2.4 మీదే పనిచేస్తాయి కాబట్టి దాన్ని ఆపొద్దు, ఛానెల్ 1, 6, 11లలో ఒకటి పెట్టండి. మోడెం లోపలికి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం తప్పకుండా మార్చండి, అది వైఫై పాస్‌వర్డ్ కాదు. పాతది ఎవరికైనా ఇచ్చేటప్పుడో, చెత్తలో వేసేటప్పుడో ఆ కంతలో పిన్నీసు పది సెకన్లు గుచ్చి పట్టుకోండి. లేకపోతే మీ యూజర్ నేమ్ అందులోనే ఉండిపోతుంది.